కాఫీ పొడికి చేతిమరా, విద్యుత్ మరా?

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ వేయించిన గింజలను తామే పొడిచేసి అమ్మదలచిన రైతు బృందానికి మొదట ఎదురయ్యే ప్రశ్న, మర చేతిదా, విద్యుత్తుదా అన్నది. నిజానికి చూడవలసినది గింజ నలిగే తీరు. మిక్సీ వంటి బ్లేడు యంత్రం గింజను నరుకుతుంది. నూక, దుమ్ము కలిసిపోతాయి. నూక నుండి సారం సరిగా దిగదు, దుమ్ము నుండి చేదు అధికంగా దిగుతుంది. ఎంత శ్రద్ధగా వేయించినా ఈ లోపం తీరదు. పళ్లచక్రాల మర తిరగలి వలె గింజను నలుపుతుంది. చక్రాల మధ్య దూరాన్ని బట్టి పొడి సన్నదనం స్థిరపడుతుంది. రుచి పరీక్షకు ఇటువంటి చేతిమర చాలు, కరెంటు లేకున్నా ఆడుతుంది. అయితే చిన్న చేతిమరలో ఒకసారికి పట్టేది 20-30 గ్రాములే. అమ్మకానికి విద్యుత్ మరే తగినది, అదీ పళ్లచక్రాలదే. పొడి సువాసన త్వరగా పోతుంది గనుక దానిని కొనుగోలుదారు ఎదుటే ఆడించాలి.