ఆలస్యంగా తగిలే దెబ్బ



బడి సెలవుల్లో కొందరు పిల్లలు రంగురంగుల బొమ్మల కార్డులు నేల మీద పరుచుకుని గంటల తరబడి ఆడుతుంటారు. ఇంకొందరు అలాంటి ఆటనే ఫోనులో ఆడుతుంటారు. చూసిన పెద్దలకు అది పేకాటలాగే కనిపిస్తుంది. కానీ పేకాటలో అందరికీ ఒకే కట్ట ఉంటుంది. ఈ ఆటల్లో ఎవరి కట్ట వారిదే. కార్డులు కొని, మార్చుకుని, తనకు కావలసిన కట్టను ఆటగాడే కూర్చుకుంటాడు. ఈ తరహా ఆటలకు దారి చూపింది 1993లో అమెరికాలో వెలువడిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. దాన్ని రూపొందించిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. ఆ ఆటలో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. ఈ రోజు కార్డు వేస్తే దెబ్బ తరవాతి వంతులో తగులుతుంది. అలా ఆలస్యంగా తగిలే దెబ్బ ఎందుకు? దాని వల్ల ఎవరికి లాభం? ఈ సంగతి ఇప్పుడు చూద్దాం.

ముందు మనకు తెలిసిన ఆటతో మొదలుపెడదాం. తెక్కలకోట, సిరుగుప్ప వైపు పులిమేక అంటే తెలియని పెద్దలు అరుదు. కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగువారు దాన్నే ఆడు-హులి అంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే ఆ మేక అప్పటికప్పుడే పోతుంది. మేక అలా దూకలేదు. మేకలవాడు ఒక్కొక్క మేకనే తెచ్చి గీతలు కలిసే చోట పెడుతూ పోతాడు. మొదట్లో మూలన పెట్టిన మేక ఏ పనీ చేయనట్టే ఉంటుంది. పది ఎత్తులు గడిచాక పులి దూకబోతే, సరిగ్గా ఆ మేకే అడ్డం నిలుస్తుంది. పులి దెబ్బ వెంటనే కనబడుతుంది, మేక దెబ్బ చాలాసేపటికి గాని కనబడదు. కార్డుల ఆటలో ఈ రెండో రకం దెబ్బనే ఒక నియమంగా మలిచారు.

ఆ నియమం అర్థం కావాలంటే ఆట తీరు కొంచెం తెలియాలి. సాధారణంగా ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికి కనీసం 60 కార్డుల కట్ట, 20 ప్రాణాంకాలు ఉంటాయి. ప్రాణాంకాలు సున్నాకు దిగినవాడు ఓడిపోతాడు. కట్టలో కొన్ని భూమి కార్డులు, కొన్ని మంత్రం కార్డులు. వంతుకు ఒక్క భూమి కార్డు మాత్రమే కింద పెట్టవచ్చు. ఒక్కో భూమి ఆ వంతుకు ఒక పాలు శక్తి ఇస్తుంది. ఆ శక్తిని ఖర్చు చేసి మంత్రాలు వేయాలి. వాడని శక్తి నిలవ ఉండదు. కాలువ కింద రైతుకు వంతు నీళ్లు వచ్చినట్టే అనుకోండి, మన వంతులో పారించుకోకపోతే ఆ నీళ్లు మనవి కావు. మొదటి వంతులో ఒక భూమి, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు. ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు మంత్రాల సంగతి. 1993 నాటి మొదటి కార్డుల్లోనే 'లైట్నింగ్ బోల్ట్' అనే పిడుగు కార్డు ఉంది. ఒక పాలు ఎర్ర శక్తి ఖర్చు చేస్తే అవతలివాడికి అప్పటికప్పుడే మూడు అంకాల నష్టం. ఒక పాలు శక్తికి ఇది చాలా చవక. 2006లో వచ్చిన 'టైమ్ స్పైరల్' కార్డుల్లో దానికి తమ్ముడు లాంటిది ఒకటి చేర్చారు. దాని పేరు 'రిఫ్ట్ బోల్ట్'. నష్టం అదే మూడు అంకాలు. కానీ వెంటనే వేయాలంటే మూడు పాళ్ల శక్తి కావాలి. ఆగగలిగితే ఒక్క పాలు చాలు.

ఆగడం అంటే ఏమిటి? ఆటగాడు తన వంతులో ఒక పాలు శక్తి చెల్లించి, ఆ కార్డును అందరికీ కనబడేలా పక్కన పెట్టి, దాని మీద ఒక గుర్తు ఉంచుతాడు. చింతపిక్క పెట్టినా సరిపోతుంది. తన తరవాతి వంతు మొదలు కాగానే ఆ చింతపిక్క తీసేస్తాడు. తీసేసిన వెంటనే మంత్రం ఇంకేమీ ఖర్చు లేకుండా పడుతుంది.

ఇందులో తమాషా ఎక్కడుందంటే, ఆగినవాడికే దెబ్బ ముందుగా పడుతుంది. లెక్క చూడండి. మూడు పాళ్లు పెట్టి వేయాలంటే మూడు భూములు సమకూరాలి, అంటే మూడో వంతు దాకా చేతిలో పట్టుకుని కూర్చోవాలి. మొదటి వంతులోనే ఒక పాలు చెల్లించి పక్కన పెట్టినవాడికి రెండో వంతు మొదట్లోనే దెబ్బ పడుతుంది. పైగా ఆ రెండో వంతులో రెండు భూముల శక్తీ వేరే పనికి మిగిలే ఉంటుంది. వరి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ముందుగా చిన్న మడిలో నారు పోసి, అది ఎదిగేలోగా పెద్ద పొలాన్ని బురద దున్నుకుంటాం. నారు ఎదగడానికి పట్టే రోజులు వృథా పోవు, ఆ రోజుల్లోనే మిగతా పని జరుగుతుంది.

మరి నష్టం లేదా? ఉంది. నారుమడి దారిన పోయేవారందరికీ కనబడుతుంది. పక్కన పెట్టిన కార్డూ అంతే. ఎదుటివాడికి ఒక పూర్తి వంతు గడువు దొరుకుతుంది. బలహీనమైన ప్రాణి కార్డును ఆ వంతులో కిందకు దించకుండా చేతిలోనే దాచుకోవచ్చు. మంత్రాన్ని రద్దు చేసే కార్డు కోసం శక్తిని మిగుల్చుకోవచ్చు. ఆ లోగా ఆటే గెలిచేయవచ్చు. అయితే పక్కన పెట్టినవాడి దగ్గరా ఒక రహస్యం మిగులుతుంది. దెబ్బ ఎప్పుడు పడుతుందో ఎదుటివాడికి తెలుసు, ఎవరి మీద పడుతుందో తెలియదు. గురి చూసేది చింతపిక్క తీసేసి మంత్రం వేసేటప్పుడే. అప్పటికి బల్ల మీద ఎవరుంటే వారిలో ఒకరిని ఎంచుకోవచ్చు, నేరుగా ఆటగాడినే కొట్టవచ్చు. చవకగా దొరికిన దెబ్బకు అసలు ధర ఇదీ: శక్తిలో రెండు పాళ్లు తగ్గించారు, బదులుగా ఎదుటివాడికి ముందస్తు కబురు ఇప్పించారు.

ఇప్పటిదాకా చెప్పింది ఎదుటివాడికి ఆలస్యంగా తగిలే దెబ్బ. మరుసటి ఏడు, 2007లో, 'ఫ్యూచర్ సైట్' అనే కార్డుల్లో దీన్ని తలకిందులు చేశారు. ఆ వరుసలో 'పాక్ట్ ఆఫ్ నిగేషన్' అనే ఒప్పందం కార్డు ఉంది. దాన్ని వేయడానికి ఖర్చు సున్నా. ఎదుటివాడి మంత్రాన్ని పైసా చెల్లించకుండా రద్దు చేయవచ్చు. కానీ తన తరవాతి వంతు మొదట్లో ఐదు పాళ్ల శక్తి చెల్లించాలి. చెల్లించలేకపోతే ఆట పోయినట్టే. ప్రాణాంకాలు ఇరవైకి ఇరవై ఉన్నా సరే, ఓటమి ఓటమే.

దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. పంట చేతికొచ్చాక ఇస్తామని అంగడిలో ఎరువులు అప్పు తెచ్చినవారికి ఆ ఐదు పాళ్ల బరువు తెలుసు. అనుభవం ఉన్న ఆటగాళ్లు ఈ కార్డును రెండు సందర్భాల్లోనే వేస్తారు. ఐదు భూములు సిద్ధంగా ఉన్నప్పుడు ఒకటి, ఆ వంతులోనే ఆట గెలవబోతున్నప్పుడు రెండు. గెలిస్తే గడువే రాదు కదా! కొందరు శక్తి ఉండి కూడా కట్టడం మరిచిపోయి ఓడిపోతారు. అందుకే బాకీ గుర్తుండేలా తమ కట్ట మీద పాచికో, గవ్వో పెట్టుకుంటారు. కొత్త కార్డు తీయబోతే ముందు అది చేతికి తగులుతుంది.

రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో ఖర్చు ముందు, ఫలితం వెనక. రెండోదానిలో ఫలితం ముందు, ఖర్చు వెనక. రెండింటిలోనూ మధ్యలో ఉన్నది ఒక్క వంతు కాలమే. మొదటిది పక్కన పెట్టినవాడు నిశ్చింతగా ఇంకో పని చూసుకుంటాడు. రెండోది వేసినవాడు ఆ వంతంతా తన బాకీనే తలుచుకుంటాడు. పిల్లలు ఈ తేడాను పుస్తకం చదవకుండానే, రెండు మూడు ఆటలు ఓడి పట్టుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ ఆటకు తొలినాళ్లలో కార్డు పందెం ఒడ్డే నియమం ఉండేది. తరవాత దాన్ని వదిలేశారు. ఇప్పుడు జాగ్రత్తపడవలసింది కార్డుల పొట్లాల విషయంలో. మూసిన పొట్లంలో ఏ కార్డు వస్తుందో ముందుగా తెలియదు. మంచి కార్డు కోసం పొట్లం మీద పొట్లం కొంటూ పోతే ఆ దెబ్బ నెలాఖరున ఇంటి ఖర్చుల్లో తగులుతుంది. ఎన్ని పొట్లాలు కొనవచ్చో ముందే మాట అనుకోండి. ఆ పైన పిల్లలు ఆడుతున్నప్పుడు పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: ఈ కార్డుకు ధర ఎంత, అది ఎప్పుడు కట్టాలి? వాళ్లు చెప్పే జవాబును బట్టి ఆట ఎంత అర్థమైందో మీకే తెలుస్తుంది.