చెస్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ముందు మీ ఓటములు చూడండి!

రోజూ రాత్రి హాస్టల్ గదిలో, ఫోన్‌లో పది గేమ్‌లు. రేటింగ్ మాత్రం ఉన్నచోటే ఉంది. 'మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే దూసుకుపోదును' అనిపిస్తోందా? డబ్బు కట్టేముందు ఒక్క పని చేయండి. మీరు ఓడిన చివరి 20 గేమ్‌లు తెరిచి, ఒక్కోటి ఎక్కడ చేజారిందో కాగితం మీద రాసుకోండి. మీకేం కావాలో ఆ కాగితమే చెబుతుంది.

పావులు ఊరికే పోతున్నాయా?
అయితే పజిల్స్ సాధన చేయాలి. లీచెస్‌లో ఇవి ఎన్నయినా ఉచితమే. ఏ తరహా పజిల్స్‌లో తడబడుతున్నారో కూడా చూపిస్తుంది. చెస్.కామ్ ఉచిత ఖాతాలో రోజువారీ పరిమితి ఉంటుంది.

ఓపెనింగ్స్ మర్చిపోతున్నారా?
చెస్సబుల్ చూడండి. నేర్చుకున్న ఎత్తుల్ని విరామం ఇచ్చి మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఉచిత కోర్సులతో మొదలుపెడితే చాలు.

టోర్నమెంట్లు ఆడుతున్నారా?
ప్రత్యర్థుల పాత గేమ్‌లు వెతికి సిద్ధమవడానికి చెస్‌బేస్ పనికొస్తుంది. కొత్తవాళ్లకు ఇప్పుడే ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇంజిన్‌తో జాగ్రత్త
స్టాక్‌ఫిష్ ఉచితం. ప్రపంచ చాంపియన్ల కన్నా బలంగా ఆడుతుంది. కానీ అది మంచి ఎత్తు ఏదో చెబుతుంది, ఎందుకో చెప్పదు. గేమ్ అవ్వగానే దాన్ని తెరిస్తే ఆలోచనంతా దానిదే, మీకు మిగిలేది 'అవును కదా!' అనుకోవడమే. ముందు మీ తప్పు మీరే వెతికి, కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆ తర్వాతే సరిచూసుకోండి.

ఉద్యోగానికి ఉపయోగమేనా?
కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా జాబితాలో చెస్ ఉంది. మన కోనేరు హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగి. అయితే ఆన్‌లైన్ రేటింగ్ చూపిస్తే కుదరదు. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫునో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫునో ఆడినట్టు ధ్రువపత్రాలు కావాలి. కాబట్టి యూనివర్సిటీ జట్టు ఎంపికలు ఎప్పుడో మీ ఫిజికల్ డైరెక్టర్‌ను ఈ వారమే అడగండి. అసలు బోర్డు మీద ఆడటం అలవాటు చేసుకోండి.

రోజుకు గంట చాలు
20 నిమిషాలు పజిల్స్, అరగంట ఒకే ఒక్క గేమ్, 10 నిమిషాలు ఆ గేమ్‌లో తప్పులు. నెల తర్వాత మళ్లీ ఓడిన గేమ్‌లు తెరవండి. అవే తప్పులు కనిపిస్తే మార్చాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, సాధన చేసే తీరు!