కొత్తింటి చాబీ తీసుకునే ముందు

"కొత్త ఇల్లు తీసుకున్నరంట, పార్టీ ఏది?" అని హాస్టల్లో అందరూ అడుగుతున్నారు. పార్టీ తప్పకుండా ఇస్తాను. ఈలోపు ఆ ఇంటి కోసం మేము పడ్డ తిప్పలు రాయమని మేడమ్ అన్నారు. మన క్లాసులోనే ముగ్గురి ఇళ్లల్లో ఫ్లాటు కొనే మాటలు నడుస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని ఠాణే జిల్లా, భివండీ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు నుంచి సాంచాల పనికి పోయి అక్కడే ఉండిపోయిన వాళ్లలో మా తాత ఒకరు. నాగావ్‌లో కింద సాంచాలు, పైన కిరాయి గదులు. అట్లాంటి గదిలోనే నేను పెరిగాను. ఇంట్లో నాయనమ్మతో తెలుగు, తమ్మునితో మరాఠీ, అమ్మతో రెండూ కలిపి కొట్టేస్తాం. బాపు ఇరవై ఏళ్లుగా సాంచాల మీదే ఉన్నాడు. మొత్తానికి నాగావ్‌లోనే కొత్తగా కట్టిన ఒక బిల్డింగ్‌లో మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు అమ్మ పేరు మీద తీసుకున్నారు. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద కొంటే మహారాష్ట్రలో 2021 ఏప్రిల్ 1 నుంచి స్టాంప్ డ్యూటీలో ఒక శాతం తక్కువ. బాపు ఆ లెక్క చూసుకున్నాడు కానీ, పేరు అమ్మది కాబట్టి ప్రతి సంతకమూ అమ్మదే అవుతుందని అప్పుడు ఎవరం ఆలోచించలేదు.

పోయిన శ్రావణంలో, నేను కాలేజీలో చేరడానికి వారం ముందు, చాబీలు తీసుకొమ్మని ఫోన్ వచ్చింది. నాలుగో రోజే గృహప్రవేశానికి ముహూర్తం. కరీంనగర్ నుంచి చుట్టాలు టికెట్లు కూడా తీసుకున్నారు. ఆఫీసుకు పోతే పేడా పెట్టి, ఒక కాగితం ముందర పెట్టారు. మరాఠీలో దాన్ని తాబా పత్ర అంటారు, అంటే ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు రాసిచ్చే పత్రం. అమ్మ నన్ను చదవమంది. ఫ్లాటు మొత్తం చూసుకున్నామనీ, అన్నీ సరిగ్గా ఉన్నాయనీ, ఎలాంటి ఫిర్యాదూ లేదనీ అందులో ఉంది. మేము ఆ రోజు ఇంకా మెట్లు కూడా ఎక్కలేదు.

అమ్మ పెన్ను కింద పెట్టి బాపును చూసింది. "తాకాల ఒక్క పోగు తెగినా నీకు పైసలు కట్ చేస్తరు గదా. గింత పెద్ద సామానుకు చూడకుండ ఎట్ల సంతకం పెడదాం?" అంది. బట్ట నేసిన తర్వాత తాకాను బల్ల మీద మీటరు మీటరు పరిచి చూస్తారు, తప్పు దొరికితే నేసినవాడి కూలిలో కోత పడుతుంది. బాపుకు ఇంక మాట రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చూడాల్సింది మొదట గోడలు కాదు, కాగితం. "ఓసీ ఉందా?" అని నేను అడిగాను. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మరాఠీలో భోగవటా ప్రమాణపత్ర. అనుమతి ప్రకారమే కట్టారు, మనుషులు ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం అది. ఆఫీసు ఆయన నవ్వి, "సీసీ ఉందమ్మా" అని ఒక జిరాక్స్ చూపించాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు. సీసీ అనే రెండు అక్షరాలకు రెండు అర్థాలున్నాయి. కట్టడం మొదలుపెట్టడానికి ఇచ్చే కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ సీసీనే, కట్టడం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా సీసీనే. ఆయన చూపించింది మొదటిది. అంటే ఆ కాగితం ప్రకారం మా ఇల్లు ఇప్పుడిప్పుడే పునాది తవ్వుకుంటోంది! ఓసీకి అప్లై చేశాం, వస్తుంది అన్నారు. అమ్మ సంతకం పెట్టలేదు.

కాగితానికి అంత పట్టుబట్టడం ఎందుకంటే, మా దిక్కు దీనివల్ల ప్రాణాలు పోయాయి. 2013 ఏప్రిల్ 4న మాకు దగ్గర్లోని ముంబ్రాలో, అనుమతి లేకుండా కడుతున్న బిల్డింగ్ కూలి 74 మంది చనిపోయారు. కట్టడం పూర్తి కాకముందే అందులో మనుషులు ఉంటున్నారు. 2020 సెప్టెంబర్ 21న మా భివండీలోనే, ధామణ్‌కర్ నాకా దగ్గర జిలానీ బిల్డింగ్ తెల్లవారుజామున కూలింది. అది పాత బిల్డింగ్. ఆ పొద్దు అంబులెన్సుల చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. 'రెరా' నంబర్ ఉంటే చాలు అనుకోకండి. కల్యాణ్-డోంబివలీలో 65 బిల్డింగులకు దొంగ అనుమతి పత్రాలు పెట్టి రెరా రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నట్టు తేలింది. వాటిని కూలగొట్టమని 2024 నవంబర్‌లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అప్పటికే అప్పు చేసి కొన్నవాళ్లు వాటిలో కాపురం ఉంటున్నారు. అందుకే రెరా సైట్‌లో చూసిన అనుమతి నంబర్‌ను మున్సిపల్ ఆఫీసుకు పోయి మళ్లీ కనుక్కోవాలి. ఒక పూట పోతుంది, అంతే.

రెరా అంటే 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం. తెలంగాణలో కూడా అదే చట్టం కాబట్టి ఇది మీకూ పనికొస్తుంది. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఓసీ వచ్చిన తర్వాత ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి మనకు రెండు నెలల టైం ఉంటుంది. అంటే "ఇయ్యాలే తీసుకోవాలె" అన్న తొందర చట్టంలో లేదు, ముహూర్తంలోనే ఉంది. అయితే 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా గానీ కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అట్లాంటి చిన్న అపార్ట్‌మెంట్ అయితే ఇంకా జాగ్రత్త.

చుట్టాల టికెట్లు క్యాన్సిల్ అయ్యాయి. నాయనమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. "సదువుకున్న పిల్ల శుభం ఆపింది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పింది. పాత గదికి కిరాయి, బ్యాంకుకు కిస్తీ రెండూ కట్టాల్సి వచ్చింది. ఒక నెల అమ్మ గొలుసు కుదువకు పోయింది. నేను తప్పు చేశానా అని హాస్టల్లో పడుకొని చాలా రాత్రులు ఆలోచించాను.

దీపావళి తర్వాత ఓసీ వచ్చింది. సెలవుల్లో నేను ఇంటికి పోయాక, అప్పుడు ఇల్లు చూశాం. టేపు, బకెట్, రూపాయి బిళ్ల, గోటీ, ఫోన్ చార్జర్, సుద్దముక్క పట్టుకొని పోయాం. తమ్ముడికి సుద్దముక్క ఇస్తే తప్పున్న చోటల్లా గుండ్రంగా గీసిండు, వాడికి అదొక ఆట.

అన్నిటికంటే ఎక్కువ సేపు బాత్రూంలోనే ఉన్నాం. నీళ్లు పోస్తే మోరీ దిక్కు పోవాలి కదా, మా బాత్రూంలో గడప దిక్కు వచ్చి ఆగాయి. గోటీ పెడితే అదీ అటే దొర్లింది. టైల్స్ మీద బిళ్లతో కొట్టుకుంటూ పోతే కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల చప్పుడు. డొల్లగా ఉంటే కింద సిమెంటు సరిగ్గా నిండలేదని అర్థం, బరువు పడితే అది పగులుతుంది. హాల్లోనే పదకొండు దొరికాయి. బాత్రూం పైకప్పు కూడా చూడండి, అది పైవాళ్ల బాత్రూం నేల. అక్కడ తేమ మరక ఉంటే వాళ్లు కాపురం పెట్టాక మన నెత్తి మీద కారుతుంది. గోడల మీద వెంట్రుకంత సన్నని పగుళ్లు ప్లాస్టర్ ఆరేటప్పుడు మామూలే. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు, బిళ్ల అంచు దూరేంత పగులు ఉంటే మాత్రం ఇంజినీరుకు చూపించాలి.

ప్రతి ప్లగ్గులో చార్జర్ పెట్టి చూశాం, రెండు పని చేయలేదు. నల్లాలన్నీ ఒకేసారి తిప్పితే వంటింట్లో ధార సన్నబడింది. కార్పెట్ ఏరియా కొలిస్తే అగ్రిమెంట్‌లో ఉన్నదానికి పది చదరపు అడుగులు తక్కువ వచ్చింది. బాల్కనీ ఆ లెక్కలోకి రాదు, లోపలి గోడలు వస్తాయి, బయటి గోడలు రావు. మహారాష్ట్ర నమూనా అగ్రిమెంట్‌లో మూడు శాతం దాకా తేడా ఒప్పుకుంటారు కానీ, తగ్గినదానికి డబ్బులు వాపస్ లెక్క కట్టాలి. మేము టేపు వంకర పట్టామేమో అని అది వదిలేశాం. ఇప్పుడనిపిస్తుంది, వదలకుండా ఉండాల్సింది.

ఇంకోటి మా ఊరికే సంబంధించింది. కొనేముందు ఫ్లాటు చూపించినప్పుడు ఎదురు షెడ్డులో సాంచాలు బంద్ ఉన్నాయి. ఈసారి రాత్రి పది గంటలకు పోయి నేల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి చూశాం. నీళ్లు కదలలేదు గానీ చప్పుడు మాత్రం చెవుల్లోకి వచ్చింది. బాపు నవ్వి, "అది లేకుంటే నాకు నిద్రే రాదు" అన్నాడు. మీ ఊళ్లో సాంచాలు లేకపోవచ్చు, ఫంక్షన్ హాలో రైలు పట్టాలో ఉంటుంది. ఇంటిని పగలొకసారి, రాత్రొకసారి చూడండి.

తప్పులన్నీ రెండు ప్రతుల్లో రాసి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం తీసుకున్నాం. బాత్రూం నేల మొత్తం తీసి మళ్లీ వేశారు. తాబా పత్రంలో ఆ "ఫిర్యాదు లేదు" వాక్యం కొట్టేయించి, మా లిస్టు జత చేశాకే అమ్మ సంతకం పెట్టింది. మాఘమాసంలో పాలు పొంగించాం. పొంగిన పాలు ఏ దిక్కు పోతాయో నాయనమ్మే వంగి చూసింది, నేల వాలు చూడటానికంట!

ఈ వానాకాలం హాలు పడమటి గోడకు అరచేయంత తేమ మరక వచ్చింది. స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లోపం తెలియజేస్తే, ముప్ఫై రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో బాగు చేయాలని రెరాలో ఉంది. అమ్మ ఫొటో పెట్టి ఉత్తరం ఇచ్చింది, మరాఠీలో తనే రాసింది. నేను ఇది రాస్తున్న రోజుకు పన్నెండు రోజులైంది. ఇంకా ఎవరూ రాలేదు.