మరవరాని మాట

"జరిగినదేదో జరిగినది, మరచిపొమ్ము" అని పెద్దలు చెప్పుచుందురు. ఎవరికి చెప్పుదురో గమనించితిరా, సోదరీమణులారా? మాటపడినదానికే గాని మాట యన్నవారికి గాదు.

పండ్రెండేండ్ల క్రిందట మా విడవలూరిలో నొక పెండ్లిపంక్తిలో, మాకు వరుసకు వదిన యగు నొకామె, మా తల్లి కట్టుకొని వచ్చిన చీరను జూచి పదిమంది వినునట్లొక మాట యనెను. మా తల్లి విస్తరి ముందునుండి లేవలేదు; అన్నము మాత్రము ముట్టలేదు. తరువాత వదినగారు వంటయింటి వాకిట మమ్ము నిలిపి, "పొరబాటున నోరు జాఱితిని, గాని మీకును అంత రోషము తగదు" అనిరి. ఆ "గాని"తో ముందన్న మాట కాస్తయు కొట్టుకొనిపోయినది. అవమానము పంక్తిలోను, క్షమాపణ వంటయింటిలోను!

క్షమింపలేకుండుట కేవలము దుర్గుణమని మేమును తలచుచుంటిమి. భారతము మరల చదువగా సందేహము గలిగినది. మన నెల్లూరి తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున విరాటపర్వము మొదలు 15 పర్వములు తెనిగించెను గదా. అందు ఉద్యోగపర్వమున, శ్రీకృష్ణుడు రాయబారమునకు బోవు తరుణమున భీముడు సైతము సంధిమాట లాడును. అప్పుడు ద్రౌపది తన తలవెండ్రుకలు చేతబట్టి ముందునకు వచ్చును. పదుమూడేండ్లు గడచినను మానని యామె గాయము దుశ్శాసను డొనర్చినది మాత్రమే కాదు. తనవారే దానిని మరచినట్లు మాటలాడుట.

ఆ ద్రౌపదియే, నిద్రలో నున్న తన యైదుగురు కొడుకులను జంపిన యశ్వత్థామ ప్రాణమునే మొదట కోరి, ప్రాయోపవేశమునకు గూర్చున్నది. తుదకు వాని శిరోమణి యెదుటికి రాగానే లేచినది. ఇది సౌప్తికపర్వకథ. పోతన భాగవతమున, కట్టి తెచ్చిన వానిని జూచి, వాని తల్లి తనవలె నేడ్వరాదని విడిపింపుమన్నది. రెండింటను ఆమెతో "ఏమియు జరుగలే"దని యెవరును అనలేదు. చేసిన పాపము అందరి యెదుట పెట్టబడినది. దయ యటుపిమ్మటనే.

అట్లని మా రోషమును సమర్థించుకొనుట లేదు. దానిని మేమే యూది రాజబెట్టుచుంటిమి. వదినగారి కొమార్తె పెండ్లికి పోలేదు. ఆ పిల్ల మాకేమి యపకారము చేసినది? మా తల్లి "పోయి రమ్మ"ని చెప్పినను వినలేదు. రోషమునందొక తీపి గలదు. దాని నొప్పుకొనుటయే కష్టము.

నిరుడు మా తల్లి గతించెను. మూడవ మాసికము నాడు వదినగారు వచ్చి, భోజనపంక్తిలో నందరు వినునట్లు, "నాడు ఆమెను నేనన్న మాట తప్పు" అని చెప్పిరి. ఈసారి "గాని" రాలేదు. వినవలసిన యామె లేదు. మాకు నోట మాట రాక, వదినగారి విస్తరిలో నేయి వడ్డించి ముందునకు సాగితిమి. మరుసటి మాసికమునకును ఆమెను పిలిచితిమి.