ఏడాదిలో ఎన్ని పక్షుల్ని చూశారు? లెక్క ఫోన్‌కి వదిలేయండి, నిర్ణయం మాత్రం కాదు!

రెండేళ్ల క్రితం ఫోన్ మార్చినప్పుడు, నోట్స్‌లో రాసుకున్న నా పక్షుల లిస్ట్ మొత్తం పోయింది. బ్యాకప్ పెట్టుకోలేదు, తప్పు నాదే. అప్పటి నుంచి ఈబర్డ్ వాడుతున్నా.

కార్నెల్ ల్యాబ్ నడిపే ఈ యాప్ ఉచితం. నడక మొదలుపెట్టే ముందు స్టార్ట్ నొక్కితే టైమ్, దూరం అదే నోట్ చేసుకుంటుంది. మనం పక్షి పేరు, సంఖ్య కొడితే చాలు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. జనవరి 1 నుంచి చూసిన జాతుల్ని తనే లెక్కేస్తుంది. పాత డైరీలో ఉన్నవి కూడా ఆ తేదీలతో ఎక్కించొచ్చు. కాకపోతే జీపీఎస్ వల్ల బ్యాటరీ త్వరగా దిగుతుంది. పవర్ బ్యాంక్ మర్చిపోకండి.

పక్షిని గుర్తుపట్టడానికి అదే ల్యాబ్ వాళ్ల మెర్లిన్ ఉంది. 2021లో వచ్చిన సౌండ్ ఐడీ ఫీచర్ కూత విని పేరు చెబుతుంది. అసలు చిక్కు ఇక్కడే!

ఓ ఉదయం అమీన్‌పూర్ చెరువు గట్టున స్క్రీన్ మీద షిక్రా డేగ పేరు మెరిసింది. ఆ ఏడాది నా లిస్ట్‌లో అది లేదు. వేలు సబ్మిట్ మీదకి వెళ్లింది కానీ, ఎందుకో ఆగి చూశా. కరెంటు తీగ మీద పసులపోలిగాడు! గోరింకల్ని బెదరగొట్టి వాటి నోటి దగ్గర తిండి లాక్కోవడానికి షిక్రాలా కూయడం దానికి అలవాటే.

ఆ రోజు డేగని కలపలేదు. మన దేశంలో 942 జాతుల పరిస్థితిని అంచనా వేసిన 2023 నివేదికకి ఆధారం ఇలాంటి లిస్టులే. ఒక్క నంబర్ కోసం అబద్ధం ఎక్కిస్తే నష్టం మనతో ఆగదు.

రెండు యాప్‌లూ తప్పకుండా ట్రై చేయండి. చెవి ఫోన్‌కి ఇవ్వండి, కన్ను మాత్రం మీదే ఉండాలి.