అరబీలో బహువచనం

తెలుగులో బహువచనాన్ని గుర్తించడానికి మాట చివర చూస్తే చాలు. పుస్తకం పుస్తకాలవుతుంది. అరబీ నేర్వబూనిన తెలుగువారు అక్కడ కూడా చివరనే వెదుకుతారు. 'కితాబ్'కు బహువచనం 'కుతుబ్' అనగానే తికమకపడతారు.

చివర మారే బహువచనం అరబీలో లేకపోలేదు. 'ముస్లిమ్' పురుషులకు 'ముస్లిమూన్', స్త్రీలకు 'ముస్లిమాత్' అవుతుంది. మూలపదం చెదరదు గనుక దీనిని 'జమ్అ సాలిమ్' అంటారు. 'ఊన్' కర్తృస్థానంలో వస్తుంది. ఇతర విభక్తులలో 'ఈన్' అవుతుంది. దివ్య ఖుర్ఆన్ 23వ సూరా 'మూమినూన్', 83వ సూరా 'ముతఫ్ఫిఫీన్' కావడానికి కారణమిదే. ఇద్దరికి వేరే ద్వివచనమున్నది. సంస్కృతం చదివినవారికి అది వింత కాదు.

అసలు చిక్కు 'జమ్అ ముకస్సర్', అంటే విరిగిన బహువచనంతోనే. ధాతువులోని హల్లులు నిలిచి వాటి నడుమ అచ్చులు మారతాయి. ఒక్కోసారి ముందో వెనుకో అక్షరం చేరుతుంది. ఖల్బ్-ఖులూబ్, మస్జిద్-మసాజిద్, ఆలిమ్-ఉలమా, నబీ-అంబియా. ఏ మాట ఏ మూసలో పడుతుందో చెప్పే సూత్రాలు కొద్ది. ఏకవచనంతోపాటే బహువచనాన్నీ కంఠస్థం చేయాలి. ఉర్దూ వినబడే ఇళ్ళలో ఇవన్నీ పాతమాటలే. 'ఖబర్'కు బహువచనమైన 'అఖ్బార్' ఉర్దూలో ఒక్క పత్రికకు పేరైంది. 'ఔలియా' అంటే వలీలు; అయినా హజ్రత్ నిజాముద్దీన్ ఒక్కరినే ఔలియా అంటున్నాము. మనం వ్రాసే 'ఉలమాలు' బహువచనం మీద బహువచనమే. తెలుగు వాక్యం అలా కోరుతుంది గనుక తప్పు పట్టనక్కరలేదు. కాని ధాతుక్రమంలో కూర్చిన అరబీ నిఘంటువులో 'అఖ్బార్'ను అలిఫ్ క్రింద వెదికితే దొరకదు. ఖే-బే-రే క్రింద చూడాలి.

ఒకే మాటకు రెండు బహువచనాలుండడమూ కద్దు. 'షహ్ర్' అంటే నెల. బఖరా సూరా 197వ ఆయత్‌లో హజ్ మాసాలకు 'అష్హుర్' అని, తౌబా సూరా 36వ ఆయత్‌లో సంవత్సరపు 12 మాసాలకు 'షుహూర్' అని వచ్చింది. మొదటిది 3 నుండి 10 వరకు చెప్పే అల్పసంఖ్యా రూపం, రెండవది అధికసంఖ్యా రూపం. తెలుగులో రెండూ 'మాసాలే'. హజ్ మాసాలు షవ్వాల్, జుల్‌ఖఅదా, జుల్‌హిజ్జా. జుల్‌హిజ్జాలో మొదటి పది దినాలే లెక్కకు వస్తాయని ఇమామ్ అబూ హనీఫా, నెలంతా వస్తుందని ఇమామ్ మాలిక్ అభిప్రాయం. బహువచనానికి కనీసం మూడు ఉండాలి గనుక మూడు నెలలూ పూర్తి కావాలన్నది ఈ రెండవ పక్షానికి చూపే ఆధారాలలో ఒకటి.

అయితే రూపం చూచి సంఖ్య తేల్చడం అన్నిచోట్లా చెల్లదు. లుఖ్మాన్ సూరా 27వ ఆయత్‌లో భూమిపైని చెట్లన్నీ కలములైతే అని చెప్పినచోట ఉన్న 'అఖ్లామ్' అల్పసంఖ్యా మూసలోనిదే.