గ్రైండింగ్ మిషన్‌కు మార్పులు: ఏవి మేలు, ఏవి కీడు



రంపచోడవరం ఏజెన్సీలో కత్తి, గొడ్డలి లేని ఇల్లు చూడటం కష్టం. పోడు కొట్టాలన్నా, వెదురు నరకాలన్నా, జీడిమామిడి తోటలో తుప్పలు తీయాలన్నా పదునైన ఇనుము కావాలి. ఆ ఇనుమును కాల్చి, సాగగొట్టి, సాన పట్టి ఇచ్చే పని తరతరాలుగా కొండ కమ్మరులది. ఇప్పుడు కొలిమి పక్కనే ఒక చిన్న కరెంటు పరికరం కూడా కనిపిస్తున్నది. కొన్ని ఇళ్ల వసారాల్లోకి కూడా అది వచ్చింది. పొడవాటి ఒళ్లు, దానికి అడ్డంగా తిరిగిన తల, ఆ తలకు నాలుగు అంగుళాల చక్రం. దీన్ని మనవాళ్లు గ్రైండింగ్ మిషన్ అంటారు, కొందరు కటింగ్ మిషన్ అంటారు. గోకవరం, రాజమండ్రి వెళ్లినవారు చవక రకం చూసి కొని తెచ్చుకుంటున్నారు.

కొన్న కొద్ది రోజులకే దానికి మార్పులు చేయాలన్న ఆలోచన వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. డబ్బున్నవాడు పనికొక మిషన్ కొంటాడు. లేనివాడు ఒక్క మిషన్‌తోనే నాలుగు పనులు చేయించుకోవాలని చూస్తాడు. అయితే మనవాళ్లు చేస్తున్న మార్పులలో కొన్ని పనిని సుళువు చేస్తాయి, కొన్ని వేళ్లను తీసేస్తాయి. కూలి చేసుకుని బ్రతికే కుటుంబానికి తండ్రి చేతులే పొలం, తండ్రి చేతులే బ్యాంకు. కనుక ఏ మార్పు చేయవచ్చో, ఏది ఎన్నడూ చేయకూడదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మిషన్ లోపల ఏమున్నది?

ఈ పరికరం పుట్టిల్లు జర్మనీ దేశం. అక్కడ 1922లో ప్రారంభమైన ఆకర్‌మాన్ అండ్ ష్మిట్ అనే కంపెనీ మొదట వంగే తీగ వంటి ఇరుసుతో తిరిగే చేతి గ్రైండర్లు తయారు చేసింది. ఆ తీగ పేరు మీదనే కంపెనీకి ఫ్లెక్స్ అనే పేరు నిలిచింది. నేడు మనం వాడుతున్న వంటి అతివేగపు మిషన్‌ను ఆ కంపెనీయే 1954లో తెచ్చింది. నేటికీ జర్మన్లు ఈ మిషన్‌తో కోయడాన్ని "ఫ్లెక్స్ చేయడం" అనే అర్థం వచ్చే మాటతోనే చెప్పుకుంటారు.

లోపల ఒక చిన్న మోటారు ఉంటుంది. రెండు కార్బన్ ముక్కల ద్వారా దానిలో తిరిగే భాగానికి, అనగా ఆర్మేచర్‌కు, కరెంటు అందుతుంది. ఆ మోటారు నిమిషానికి ముప్పై వేల చుట్ల వరకూ తిరుగుతుంది. తల భాగంలో రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. అవి ఆ తిరుగుడును అడ్డంగా మళ్లించి, వేగాన్ని మూడో వంతుకు దగ్గరగా తగ్గిస్తాయి. అలా తగ్గిన తరువాత కూడా నాలుగు అంగుళాల మిషన్ చక్రం నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది.

ఈ అంకె ఎంత పెద్దదో ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు అంగుళాల చక్రం, అనగా 100 మిల్లీమీటర్లది, ఒక్క చుట్టు తిరిగితే దాని అంచు 31 సెంటీమీటర్ల పైచిలుకు దూరం పోతుంది. 11,000 చుట్లకు లెక్క కడితే అంచు వేగం గంటకు 207 కిలోమీటర్లు. చక్రం పగిలితే ముక్క ఆ వేగంతోనే ఎగిరి వస్తుంది. కన్ను రెప్ప వేసేంత వ్యవధి కూడా ఉండదు.

ఎన్నడూ చేయకూడని మార్పులు

మొదటిది: పెద్ద చక్రం ఎక్కించడం. నాలుగు అంగుళాల చక్రం త్వరగా అరిగిపోతున్నదని కొందరు గార్డు విప్పేసి, వాషర్లు పెట్టి, ఏడు అంగుళాల చక్రాన్ని బిగిస్తారు. రెండింటి మధ్య రంధ్రాలే వేరు. చిన్నదానికి 16 మిల్లీమీటర్లు, పెద్దదానికి 22 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. పెద్దది చిన్న మిషన్ మీదికి ఎక్కకూడదనే అలా వేరుగా పెట్టారు. ఏడు అంగుళాల చక్రం మీద దాని గరిష్ఠ వేగం సుమారు 8,500 చుట్లు అని అచ్చు వేసి ఉంటుంది. దానిని 11,000 చుట్లు తిప్పితే అంచు వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. చక్రాన్ని చీల్చే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. లెక్క ప్రకారం ఆ చక్రం ఓర్చుకోవలసిన దానికంటే మూడింట రెండు వంతులు ఎక్కువ బలం దానిమీద పడుతుంది. పైగా అడ్డుకునే గార్డు కూడా అప్పుడు ఉండదు.

రెండవది: కర్రకోత బ్లేడు బిగించడం. పళ్లున్న రంపపు బ్లేడు వేసి వెదురు, కలప కోయడం సెల్‌ఫోను వీడియోలలో చాలా తేలికగా కనిపిస్తుంది. ఇనుము కోసే చక్రం గరుకుతో అరగదీస్తుంది. రంపపు బ్లేడు మాత్రం పళ్లతో కరుస్తుంది. కర్రలో ముడి తగిలినా, కోత ముడుచుకున్నా పన్ను అక్కడే పట్టుకుంటుంది. అప్పుడు మిషన్ వెనక్కు, మనిషి మీదికి ఎగిరి వస్తుంది. ఆ దెబ్బను ఆపడానికి మనిషి చేతి బలం చాలదు. తయారీదారులు తమ పుస్తకాలలో రంపపు బ్లేడు వద్దని వ్రాసేది ఇందుకే. కర్రకు చేతిరంపం ఉన్నది, గొడ్డలి ఉన్నది.

మూడవది: గార్డు తీసివేయడం. "గార్డు ఉంటే మూలలు అందవు" అంటారు. గార్డును విప్పనక్కర లేదు, తిప్పుకుంటే చాలు. చక్రానికీ ముఖానికీ మధ్య అది ఎప్పుడూ నిలబడి ఉండాలి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టుకోవాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చదువుతాం. మిద్దెకు పిట్టగోడ ఎలాంటిదో చక్రానికి గార్డు అలాంటిది.

నాలుగవది: ఒంటికి రంధ్రాలు వేయడం. స్టాండుకు బిగించడానికి ప్లాస్టిక్ ఒంటికి మరలు వేస్తుంటారు. మిషన్ చీటీ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల కరెంటు రక్షణ ఉన్నదని అర్థం. అందుకే దానికి ఎర్తు తీగ లేకుండా రెండు తీగలే ఉంటాయి. ఒక్క మర లోపలికి దిగితే ఆ రక్షణ పోతుంది. ఆపైన తడి చేత్తో పట్టుకున్నవాడికి షాకు కొట్టవచ్చు.

ఇంట్లో చేసుకోదగిన మార్పులు

ఏ పనికైనా ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు.

తల తిప్పుకోవడం: చాలా మిషన్లలో తలను ఒంటికి నాలుగు మరలతో బిగించి ఉంటారు. ఆ మరలు విప్పి, తలను పూర్తిగా ఊడదీయకుండా, కొద్దిగా మాత్రమే ఎడం చేసి పావు చుట్టు తిప్పి మళ్లీ బిగించవచ్చు. ఎడమచేతి వాటం ఉన్నవారికి దీనివలన స్విచ్చి వీలుగా బొటనవేలి కిందికి వస్తుంది. తలను బలంగా లాగితే లోపలి ఆర్మేచర్ కూడా వెంట వచ్చి కార్బన్లు జారిపోతాయి. కనుక మెల్లగా చేయండి.

గ్రీజు, బేరింగులు: చవక మిషన్లు త్వరగా చెడడానికి ఒక కారణం తలలో గ్రీజు చాలకపోవడం. తల విప్పే ముందు కార్బన్లు బయటకు తీయండి. పాత గ్రీజును గుడ్డతో తుడిచి, పళ్ల చక్రాలకు వాడే మంచి గ్రీజును ఖాళీలో మూడో వంతు వరకు పెట్టండి. నిండా కూరితే వేడెక్కి మోటారులోకి కారుతుంది. బేరింగు గరగరమంటుంటే దానిమీది నంబరు చూసి, అదే నంబరుతో రెండు వైపులా మూత ఉన్నది వేయించండి. కార్బన్లు 5 మిల్లీమీటర్లకు అరిగితే రెండింటినీ ఒకేసారి మార్చండి. ఈ మూడు పనులకూ ఖర్చు తక్కువ, ప్రయోజనం మాత్రం ఎక్కువ.

వేగం తగ్గించడం: మన కత్తులు చాలావరకు లారీ కమాను పట్టీలతో చేసినవి. కమ్మరి కాల్చి ముంచి దానికి గట్టిదనం ఇస్తాడు. పూర్తి వేగంతో సాన పడితే అంచు క్షణాల్లో కాగిపోతుంది. సుమారు 230 డిగ్రీలకు ఇనుము గడ్డిరంగుకు తిరుగుతుంది, 300 డిగ్రీల దగ్గర నీలం అవుతుంది. నీలమైన అంచు మెత్తబడినట్టే. అటువంటి కత్తి పొద్దున పదును పెడితే మధ్యాహ్నానికి మొద్దుబారుతుంది. అందుకే వేగం తగ్గించే మార్పు మంచిదే.

కానీ సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ దీనికి పనికిరాదు. ఫ్యాను వాడేది వంద వాట్ల లోపు, ఈ మిషన్ 600 నుండి 850 వాట్లు. కనీసం 2,000 వాట్ల సామర్థ్యం ఉన్న రెగ్యులేటర్‌ను, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, కరెంటు పని తెలిసినవానిచేత పెట్టించండి. మిషన్‌లోనే ఎలక్ట్రానిక్ వేగ నియంత్రణ ఉంటే బయట ఇంకొకటి తగిలించకూడదు. ఇంకొక సంగతి గమనించండి. మోటారును చల్లబరచే రెక్కలు మోటారుతోనే తిరుగుతాయి. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. కాబట్టి సగం వేగానికి దిగువకు పోవద్దు. రెండు మూడు నిమిషాలు సాన పట్టిన తరువాత బరువు లేకుండా పూర్తి వేగంతో కాసేపు తిప్పి చల్లారనివ్వండి. ఇంకా కొననివారు వేగం మార్చుకునే చక్రం ఉన్న మిషన్‌నే అడిగి తీసుకోవడం మేలు.

స్టాండు: అన్నిటికంటే ఉపయోగమైన మార్పు ఇదే. మిషన్‌ను ఒక చేత్తో, కత్తిని ఇంకొక చేత్తో పట్టుకుని సాన పట్టడం ప్రమాదం. బరువైన కర్ర దిమ్మ మీద ఇనుప పట్టీతో చేసిన రెండు కాళ్లు నిలబెట్టండి. తలకు రెండు వైపులా పిడి బిగించే మర రంధ్రాలు తయారీలోనే వచ్చి ఉంటాయి. ఆ రంధ్రాలలోనే బోల్టులు బిగిస్తే ఒంటికి రంధ్రం వేయనక్కరలేదు. వెనుక భాగాన్ని రబ్బరు ముక్క చుట్టి పట్టీతో కట్టండి, గాలి కన్నాలు మాత్రం మూయకండి. నిప్పురవ్వలు కిందికి, మనిషికి దూరంగా పడేటట్టు అమర్చండి.

సాన పట్టడానికి గట్టి రాయి కంటే పొరలు పొరలుగా గరుకు గుడ్డ అతికించిన ఫ్లాప్ డిస్కు మంచిది, అది తక్కువ వేడి పుట్టిస్తుంది. కత్తి ఆనించడానికి చిన్న ఇనుప బల్ల వంటిది చక్రానికి 3 మిల్లీమీటర్ల ఎడంలో పెట్టండి. చక్రం కత్తి వీపు నుండి అంచు వైపుకు తిరిగి బయటకు పోయేటట్టు పట్టుకోవాలి. అంచుకు ఎదురుగా తిరిగితే చక్రం కత్తిని లాగి విసురుతుంది. పక్కనే నీళ్ల గిన్నె పెట్టుకుని, చేతికి వేడి తగలకముందే కత్తి ముంచుతుండండి.

కాలి స్విచ్చి: స్టాండుకు బిగించిన మిషన్‌కు కాలితో నొక్కితేనే తిరిగే స్విచ్చి పెట్టించుకుంటే, కాలు తీయగానే కరెంటు పోతుంది. ఆ స్విచ్చి కనీసం 10 ఆంపియర్లది కావాలి. పసిబిడ్డలో, కోళ్లో తొక్కకుండా దానికి పైకప్పు ఉండాలి. కరెంటు పోయాక కూడా చక్రం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుందని మరువకండి. పని ముగియగానే ప్లగ్గు తీసివేయడం అలవాటు చేసుకోండి.

వాడే ముందు, వాడేటప్పుడు

చక్రం మీద అచ్చు వేసిన వేగం మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. చాలా చక్రాలకు మధ్యనున్న లోహపు వలయం మీద గడువు తేదీ కూడా ఉంటుంది. గడువు దాటినవి, కింద పడినవి, వానకు తడిసినవి పారవేయండి. మన ఏజెన్సీలో వానాకాలం చెమ్మ ఎక్కువ. చక్రాలను మూత ఉన్న డబ్బాలో, పొడిగా దాచుకోండి. కొత్త చక్రం వేశాక ఒక నిమిషం ఖాళీగా తిప్పి, ఆ తరువాతనే పని మొదలుపెట్టండి. ఆ నిమిషం చక్రానికి ఎదురుగా ఎవరూ నిలబడవద్దు.

కళ్లకు పక్కలు కూడా మూసే అద్దాలు పెట్టుకోండి. ఎండకు పెట్టుకునే నల్లద్దాలు ఇందుకు సరిపోవు. కండువా, లుంగీ చివర, వేలాడే చీరకొంగు, విరబోసిన జుట్టు దగ్గరకు రానీయవద్దు. ఎండుగడ్డి, పెట్రోలు డబ్బా, తాటాకు చూరు దగ్గర నిప్పురవ్వలు పడనీయవద్దు.

ఒకవేళ ఇనుప రవ్వ కంటిలో గుచ్చుకుంటే నలపవద్దు. గుడ్డ కొనతో తీయవద్దు, ఆముదమో ఆకు పసరో పోయవద్దు. కన్ను మీద ఒత్తిడి లేకుండా ఒక గిన్నె వంటిది అడ్డుపెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చేయి తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి 108కు ఫోను చేయండి. వేలు తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి రోగితోపాటే పంపండి. వేలును నేరుగా ఐసుకు తగలనీయకూడదు.

మీ ఇంట్లో ఈ మిషన్ ఉంటే ఈ సాయంకాలమే తండ్రీ కొడుకులు కలిసి దాన్ని ముందు పెట్టుకుని చూడండి. గార్డు ఉన్నదా? చక్రం మీది వేగం, గడువు సరిగా ఉన్నాయా? తీగ పొర ఎక్కడైనా చిట్లిందా? కార్బన్లు ఎంత మిగిలాయి? గార్డు అటకమీద పారవేసి ఉంటే వెదికి బిగించండి. అది పోయి ఉంటే, అదే మిషన్‌కు సరిపోయే గార్డును సంతకు వెళ్లినప్పుడు కొని తెచ్చేవరకు మిషన్‌ను పక్కన పెట్టి, ఆ నాలుగు రోజులు కత్తిని సానరాయి మీదనే నూరుకోండి.